ప్రవాసం – సన్నిధి ఋణం: దేశాంతర నివాసంపై ధర్మవిచారణ

ఉపోద్ఘాతం

స్వదేశాన్ని విడిచి పరదేశంలో స్థిరపడటం ధర్మమా అన్న ప్రశ్న తెలుగు సమాజానికి కొత్తది కాదు. కోరంగి రేవులో ఓడ ఎక్కి బర్మాకూ మారిషస్‌కూ వెళ్లిన కూలీలు, కంగాణీల వెంట మలయా తోటలకు చేరిన కుటుంబాలు, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవారు, 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చిన తరువాత అక్కడికి తరలిన వైద్యులు, ఇంజనీర్లు, వారి వెనుక వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు – ఇలా గత రెండు శతాబ్దాల తెలుగువారి చరిత్రలో ప్రవాసం ఒక ప్రధానాధ్యాయం. తొలి మూడు ప్రపంచ తెలుగు మహాసభలలో మొదటిది 1975లో హైదరాబాదులో జరగగా, రెండవది 1981లో కౌలాలంపూర్‌లోనూ, మూడవది 1990లో మారిషస్‌లోనూ జరగడం దీనికి నిదర్శనం.

ఈ విషయంపై చర్చ సాధారణంగా రెండు పరిభాషలలో సాగుతుంది. మొదటిది దేశభక్తి పరిభాష. చదువు చెప్పించిన దేశాన్ని వదిలిపోయినవాడు కృతఘ్నుడని అది తీర్పు చెబుతుంది. రెండవది ప్రయోజన పరిభాష. వెళ్లినవారు పంపే ధనాన్ని, వారు సంపాదించిన కీర్తిని లెక్కగట్టి అది వారిని అభినందిస్తుంది. పైకి విరుద్ధంగా కనిపించినా ఈ రెండింటికీ ఒక సమాన లక్షణం ఉంది. రెండూ ప్రవాసి బాధ్యతనంతటినీ ‘దేశం’ అనే ఒకే పద్దు కింద రాస్తాయి. ఆ పద్దును విడదీసి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. అలా విడదీసినప్పుడు, ప్రవాసి దేశానికి పడిన ఋణం దూరం నుంచి తీర్చదగినదనీ, కొందరు వ్యక్తులకు పడిన ఋణం మాత్రం అలా తీరేది కాదనీ, ఆ రెండవ దానిని వెనుక మిగిలినవారు మోస్తున్నారనీ తేలుతుంది.

1. నిషేధం, అభయం

ప్రవాసంపై మన ప్రాచీన వాఙ్మయం ఒకే మాట చెప్పలేదు. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువులలో చేర్చింది. అదే గ్రంథం దానిని ఉత్తరాది వారి ఆచారంగా కూడా పేర్కొంది. మనుస్మృతి సముద్రయానం చేసినవానిని శ్రాద్ధానికి పిలువదగనివారిలో లెక్కించింది. మరొకచోట సముద్రవర్తకంలో ఆరితేరినవారు నిర్ణయించిన వడ్డీని ప్రమాణంగా అంగీకరించింది. అనంతరకాలపు నిబంధన గ్రంథాలు ద్విజుల సముద్రయానాన్ని కలివర్జ్యాలలో చేర్చాయి. 1888లో మోహన్‌దాస్ గాంధీ చదువు కోసం లండన్ బయలుదేరినప్పుడు ఆయన కులపెద్దలు బొంబాయిలో సమావేశమై వెలి విధించడం ఈ పరంపరకు కొనసాగింపే.

దీనికి ఎదురుగా మరొక పరంపర ఉంది. శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై ఓడ బొమ్మ ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సముద్రవర్తకులకు రక్షణ ప్రకటించింది. తుఫానులో చెదరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం మినహా తక్కినదంతా యజమానులకే విడిచిపెడుతున్నాననీ ఆ రాజు అందులో ప్రకటించాడు. రాజ్యానికి సముద్రం అవసరమైనచోట ధర్మశాస్త్ర నిషేధం అడ్డు నిలువలేదు.

ఇక్కడ గమనించవలసినది నిషేధం వెనుక ఉన్న హేతువు. ధర్మశాస్త్రకారులు భయపడింది వెళ్లేవాని శుచిత్వం గురించి: అతడు ఎవరితో కలిసి తింటాడు, సంధ్య ఎట్లా వార్చుతాడు, అగ్నిని ఎట్లా రక్షిస్తాడు అన్నవి వారి ప్రశ్నలు. ప్రవాసం ప్రవాసిని ఏం చేస్తుంది అన్నదే వారి చింత. ఆ నిషేధం ద్విజులకు ఉద్దేశించినది కనుక, కోరంగి నుంచి ఓడ ఎక్కిన కూలీల గురించి దానికి పట్టింపే లేదు. శుచిత్వ భయం సడలిన కొద్దీ నిషేధం కూడా దానంతట అదే బలహీనపడింది. అయితే ఆ సడలింపులో ఒక ప్రశ్నకు సమాధానం దొరికినట్లు భ్రమ కలిగింది. వెనుక ఉన్నవారికి ప్రవాసి ఏం బాకీపడ్డాడన్న ప్రశ్నను నిషేధమూ అడగలేదు, సడలింపూ అడగలేదు. ఆ ప్రశ్నకు తగిన పరిభాష సంప్రదాయంలో మరొకచోట ఉంది.

2. ఋణాలు, వాటి నాణేలు

తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని చెప్పింది. శతపథ బ్రాహ్మణం ఈ భావనను విస్తరించి, మనుష్యులకు పడిన నాలుగవ ఋణాన్ని చేర్చింది. ఈ భావనలో సాధారణంగా దృష్టికి రాని అంశం ఒకటుంది. ఒక్కొక్క ఋణానికి ఒక్కొక్క నాణెం ఉంది. ఋషిఋణం అధ్యయనంతో తీరుతుంది, దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో, మనుష్యఋణం ఆతిథ్యంతో. ఎంత యజ్ఞం చేసినా ఋషిఋణం తీరదు. ఒక పద్దులోని మిగులును మరొక పద్దులోకి మార్చే వీలు ఈ వ్యవస్థలో లేదు.

మహాభారతంలోని యక్షప్రశ్నల ఘట్టం ఋణాన్ని, ప్రవాసాన్ని పక్కపక్కన నిలిపింది. ఎవడు సుఖి అన్న ప్రశ్నకు ధర్మరాజు, ఆలస్యంగానైనా తన ఇంట కాసిన్ని ఆకుకూరలు వండుకొని, అప్పు లేక, పరదేశవాసం లేక ఉన్నవాడే సుఖి అన్న అర్థం వచ్చే సమాధానం చెబుతాడు. ఆ మాట చెబుతున్నవాడు పన్నెండేళ్లుగా రాజ్యానికి దూరంగా అడవిలో ఉన్నవాడు కావడం ఆ సమాధానానికి బరువునిస్తుంది. అప్పునూ ప్రవాసాన్నీ ఒకే ఊపిరిలో చెప్పడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా లోకానుభవంలో ఈ రెండింటికీ బంధుత్వం ఉంది. అప్పు తీర్చడానికి ప్రవాసం వెళ్లేవారు ఎందరో ఉన్నారు. ప్రవాసం వెళ్లడం వల్ల మరొక రకపు అప్పు ఏర్పడుతుందన్నది తక్కువగా ఆలోచించే విషయం.

ఈ ఆధారంపై ఋణాలను రెండు వర్గాలుగా విభజించవచ్చు. కొన్ని ఋణాలు ఎవరు తీర్చినా తీరేవి, ఎక్కడి నుంచి తీర్చినా తీరేవి. పొలం మీది బాకీ ఇటువంటిది. సొమ్ము ఎవరి చేతి నుంచి వచ్చినా పత్రం రద్దవుతుంది. మరికొన్ని ఋణాలు ఫలానా మనిషి ఫలానా చోట ఉండటంతోనే తీరేవి. మంచం పట్టిన తల్లి పక్కన కొడుకో కూతురో కూర్చోవడం ఇటువంటిది. జీతమిచ్చి పెట్టిన మనిషి మందు వేళకు ఇవ్వగలరు, పక్క మార్చగలరు. ఆ తల్లి ఎదురుచూసే మనిషి మాత్రం కాలేరు. ఈ రెండవ వర్గాన్ని ‘సన్నిధి ఋణం’ అని వ్యవహరించవచ్చు.

3. దేశానికి పడిన ఋణం

దేశఋణం ఏ వర్గానికి చెందుతుంది? గురజాడ అప్పారావు 1910లో రచించిన ‘దేశభక్తి’ గేయం దేశాన్ని నేలతో కాక జనంతో గుర్తించింది. ఆ గుర్తింపును స్వీకరిస్తే, నేలను విడిచినంత మాత్రాన దేశాన్ని విడిచినట్లు కాదన్న నిర్ణయం అనివార్యమవుతుంది. జనానికి మేలు చేయడం ఎక్కడి నుంచైనా సాధ్యం. నేల మీదే ఉండి జనానికి కీడు చేయడమూ సాధ్యమే.

గ్రీకు తత్త్వవేత్త ప్లేటో ‘క్రీటో’ సంభాషణలో సోక్రటీసు చెరసాల నుంచి పారిపోవడానికి నిరాకరిస్తాడు. అక్కడ ఏథెన్సు శాసనాలే మనుష్యరూపం ధరించి మాట్లాడినట్లు ఊహించి, అవి తనకు గుర్తుచేసే ఒప్పందాన్ని వివరిస్తాడు. ఆ శాసనాలు కూడా, యుక్తవయస్సు వచ్చి నగర వ్యవహారాలను చూసి నచ్చని పౌరుడు తన ఆస్తితో సహా ఇష్టమైన చోటికి పోవచ్చునని అంగీకరిస్తాయి. తీర్పు తరువాత దొంగచాటుగా పోవడాన్నే అవి తప్పుపట్టాయి. స్వదేశం పట్ల అత్యంత కఠినమైన విధేయతను ప్రతిపాదించిన ఆ వాదంలోనే బహిరంగ నిష్క్రమణకు ద్వారం తెరిచి ఉండటం విశేషం. ఆధునిక కాలంలో 1948 నాటి సార్వజనీన మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణం ఏ దేశాన్నైనా విడిచిపోయే హక్కును, స్వదేశానికి తిరిగివచ్చే హక్కును జంటగా గుర్తించింది. భారత సుప్రీంకోర్టు 1967 నాటి సత్వంత్ సింగ్ సాహ్నీ తీర్పులోనూ, 1978 నాటి మేనకా గాంధీ తీర్పులోనూ విదేశయానాన్ని 21వ అధికరణంలోని వ్యక్తిస్వేచ్ఛలో భాగంగా పరిగణించింది.

హక్కు ఉన్నంత మాత్రాన ఋణం లేకుండా పోదు. ప్రజాధనంతో చదివిన వైద్యుడు లేదా ఇంజనీరు ఆ ప్రజలకు కొంత బాకీపడ్డాడన్న వాదంలో న్యాయముంది. అయితే ఆ బాకీ కొలవదగినది, తీర్చదగినది. ఆర్థికవేత్త జగదీశ్ భగవతి 1970ల ఆరంభంలో వలస వెళ్లిన నిపుణుల ఆదాయంపై పన్ను ప్రతిపాదించడం ఈ భావన మీదే ఆధారపడింది. అది ఆచరణలోకి రాకపోయినా, దేశఋణం ధనరూపంలో తీరగలదన్న తాత్త్విక అంగీకారం అందులో ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఈ వాదానికి బలమైన దృష్టాంతం. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన 1922లో బోస్టన్ చేరారు. ఆయన ప్రయాణానికి మామగారితో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థికసాయం చేసింది. ఆ ధర్మసంస్థ మూలధనం సత్యలింగ నాయకర్ రంగూన్‌లో ఆర్జించినది. ఒక ప్రవాసి సంపాదన మరొకరి ప్రవాసానికి దారి ఖర్చయింది. సుబ్బారావు నాయకత్వంలో జరిగిన పరిశోధనల నుంచి వచ్చిన ఔషధాలలో డైఇథైల్ కార్బమజీన్ ఒకటి. బోదకాలు వ్యాధిపై 1955లో భారతదేశం ప్రారంభించిన జాతీయ నియంత్రణ కార్యక్రమంలో ఇదే ప్రధానౌషధం. ఆ వ్యాధితో తరతరాలుగా బాధపడిన ప్రాంతాలలో గోదావరి మండలం ఒకటి. ఆయన పుట్టిన నేలకు ఆ మందు చేరింది, ఆయన చేరలేదు. దేశఋణం మాట వరకు ఆయన బాకీ తీరిందనడానికి సందేహం అక్కరలేదు. ఊళ్లోనే ఉండి వైద్యం చేసి ఉంటే అంతమందికి మేలు జరిగేది కాదు.

4. పాదలేపం కరిగినప్పుడు

అదే జీవితంలో రెండవ పద్దు ఉంది. సుబ్బారావు వివాహం 1919లో శేషగిరితో జరిగింది. భర్త ప్రయాణానికి ఖర్చు పెట్టినవారిలో ఆమె తండ్రి కూడా ఉన్నాడు. సుబ్బారావు విదేశంలో ఉండగా పుట్టిన కొడుకు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. 1948లో సుబ్బారావు అమెరికాలోనే మరణించారు. ఆ పాతికేళ్లలో భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. బోదకాలుకు కనుగొన్న మందు శేషగిరికి పడిన ఋణాన్ని తీర్చిందని ఎవరూ అనలేరు. ఆ రెండు పద్దుల నాణేలు వేరు. ఆయనను నిందించడానికి కూడా ఈ దృష్టాంతం చాలదు. తిరిగి వచ్చే ఉద్దేశంతోనే ఆయన బయలుదేరారు. 1924 నాటి అమెరికా చట్టం ఆసియావాసుల వలసకు తలుపులు దాదాపుగా మూసివేసిన తరువాత, అక్కడ ఉన్నవారికి ఒకసారి బయటికి పోవడమంటే మళ్లీ లోనికి రాలేకపోవడం.

ఉద్దేశానికీ తిరిగిరావడానికీ మధ్య ఉన్న ఈ అగాధాన్ని తెలుగు సాహిత్యం చాలా కాలం క్రితమే చిత్రించింది. మార్కండేయ పురాణ కథను ఆధారం చేసుకొని అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలోని ప్రవరుడు దేశాలు చూడాలన్న కోరిక గలవాడు. ఇల్లు, అగ్నిహోత్రం, వృద్ధులైన తల్లిదండ్రులు అతన్ని కదలనివ్వవు. సిద్ధుడిచ్చిన పాదలేపం ఈ రెండింటికీ సంధి కుదిర్చినట్లు కనిపిస్తుంది. వెళ్లనూవచ్చు, వేళకు తిరిగి రానూవచ్చు. హిమాలయపు మంచులో ఆ లేపం కరిగిపోతుంది. విమర్శకులు ఈ ఘట్టాన్ని ఎక్కువగా వరూధినీ ప్రవరుల సంవాదం దృష్టితో, నిగ్రహానికీ కాంక్షకూ మధ్య సంఘర్షణగా చదివారు. ప్రవాస దృష్టితో చదివితే మరొక అర్థం స్ఫురిస్తుంది. ప్రవరుడు ఇంటిని విడిచిపెట్టాలని ఏ క్షణంలోనూ నిర్ణయించుకోలేదు. తిరిగివచ్చే సాధనం తన అధీనంలో ఉందని నమ్మాడు. ఆ నమ్మకమే అతన్ని గడప దాటించింది. కరిగేది అని తెలిసి ఉంటే పాదాలకు పూసుకునేవాడు కాడు.

ప్రవాస చరిత్ర అంతా ఇటువంటి లేపాల చరిత్ర. ఒప్పందకూలీల తొలినాళ్ల షరతులలో గడువు ముగిశాక తిరుగు ప్రయాణపు ఖర్చు యజమాని భరించాలని ఉండేది. మారిషస్‌లో తరువాత ఆ షరతు తొలగింది. నేటి అమెరికా హెచ్-1బి వీసా మూడేళ్లకు మంజూరై సాధారణంగా ఆరేళ్ల వరకు సాగుతుంది. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే శాశ్వత నివాసంలో ఒక్కొక్క దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయులకు నిరీక్షణ ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఈలోగా అక్కడే పుట్టిన పిల్లలు బడికి వెళ్తారు, ఇంటి మీద అప్పు ఉంటుంది. ‘ఇంకో రెండేళ్లు’ అన్న మాట ప్రతి రెండేళ్లకూ నిజాయితీతోనే వినిపిస్తుంది. శాశ్వతంగా ఉండిపోవాలన్న నిర్ణయం ఏ తేదీనా జరగదు కనుక, దానికి బాధ్యత వహించవలసిన క్షణం కూడా ఎదురుకాదు. ప్రవరుడు ఒక్కరోజులో తిరిగివచ్చాడు. అతని మనస్సులో తిరిగిరావాలన్న కోరిక ఏకైకమైనది కనుక అగ్ని అతనికి తోడయ్యాడు. ఆధునిక ప్రవాసికి ఉండాలన్న కోరికా రావాలన్న కోరికా కలిసే ఉంటాయి. లేపం కరిగినందుకు లోలోపల కొంత ఉపశమనమూ ఉండవచ్చు.

శాసనం కూడా సన్నిధి ఋణాన్ని గుర్తించే భాషను కనుగొనలేకపోయింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమానికి 2007లో చేసిన కేంద్ర చట్టం విదేశాలలో ఉన్న భారత పౌరులకు కూడా వర్తిస్తుందని మొదటి సెక్షన్‌లోనే చెబుతుంది. పిల్లల చేత ఇప్పించగల భరణానికి మూలచట్టం నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి విధించింది. శాసనం భరణాన్ని ఇప్పించగలదు, సన్నిధిని ఇప్పించలేదు. ఇది శాసనలోపం కాదు, ఋణస్వభావం.

5. మిగిలినవారి మోత

సన్నిధి ఋణం తీరకుండా గాలిలో నిలువదు. ఎవరో ఒకరు దానిని ఎత్తుకుంటారు. ఊళ్లో ఉన్న తమ్ముడు, పక్క ఊరికి ఇచ్చిన ఆడపడుచు, గల్ఫ్‌కు వెళ్లిన మనిషి భార్య, అమెరికాలో ఉన్న ఇద్దరికీ ‘ఇక్కడ మా చెల్లి ఉంది’ అన్న ధైర్యానికి కారణమైన ఆ చెల్లెలు – బాధ్యతను పంచుకోవడంలో వీరి పాత్ర ఏమిటో అడిగి నిర్ణయించిన సందర్భాలు అరుదు. గోదావరి, కడప జిల్లాల నుంచి స్త్రీలే గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లినచోట, వారి పిల్లలను అమ్మమ్మలు పెంచుతారు. అక్కడ వృద్ధులు సన్నిధిని పొందేవారు కారు, ఇచ్చేవారు. దిశ మారినా మోసేవారు వెనుక మిగిలినవారే.

ఈ మోతను ‘సేవ’ అనీ ‘ప్రేమ’ అనీ పిలవడం వల్ల అది ఋణంగా కనిపించదు. ప్రేమ ఉండవచ్చు, ఉంటుంది కూడా. కానీ పదేళ్లపాటు ఆసుపత్రులకు తిప్పిన చెల్లెలిపై ‘దగ్గర ఉన్నది కదా’ అన్న మాట పడటం, ఏడాదికి పదిహేను రోజులు వచ్చిపోయే అన్న ఇంటికి పెద్దవాడిగా గౌరవం పొందడం సాధారణ దృశ్యం. పంపిన డబ్బు ఎంతో అందరికీ తెలుస్తుంది. గడిపిన రాత్రులు ఎన్నో ఎవరూ లెక్కపెట్టరు. ఆస్తి పంపకాల వేళ మొదటిది మాత్రమే ప్రస్తావనకు వస్తుంది. ప్రవాసి తల్లిదండ్రులకే కాక, తన వంతు సన్నిధిని భర్తీ చేసినవారికి కూడా ఋణపడ్డాడన్న సంగతి ఈ చర్చలో మొదట అంగీకరించవలసినది.

మిగిలినవారు మోసేది ఇంటి పెద్దలను మాత్రమే కాదు. తిరిగిరావడానికి ఒక చోటు ఉండటం కూడా వారి శ్రమఫలమే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య చెలరేగిన ఘర్షణలు, 1942లో జపాను దాడి వల్ల బర్మా నుంచి కాలినడకన సాగిన తిరుగుప్రయాణం, 1962 సైనిక తిరుగుబాటు అనంతరం మళ్లీ వచ్చిన కాందిశీకులు పరదేశపు ఆశ్రయం షరతులతో కూడినదని నిరూపించారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ తిరిగిరాకకు నేటికీ గుర్తు. తరిమివేయబడినవాడికి స్వదేశమంటే తలుపు తీసే బంధువు, గుర్తుపట్టే ఊరు. ఆ ఊరు ఊరుగా మిగలడానికి ఎవరో అక్కడ ఉండవలసి వచ్చింది.

6. ఆక్షేపణలు

ఈ వాదంపై మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది అన్నింటికంటే బలమైనది. సన్నిధి ఋణం పేరుతో యువతరాన్ని, ముఖ్యంగా ఆడపిల్లలనూ అణగారిన కులాలవారినీ, తమకు న్యాయం చేయని ఇంటికీ ఊరికీ కట్టివేయడం జరగదా? డాక్టర్ అంబేడ్కర్ 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన విద్యార్థివేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చదువు తరువాత ఆ సంస్థానంలో పనిచేయాలన్న షరతును గౌరవించి 1917లో బరోడా చేరారు. ఉండటానికి ఆ పట్టణంలో ఇల్లు దొరకలేదు. పార్సీ వసతిగృహంలో మారుపేరుతో తలదాచుకోగా అక్కడి నుంచి కూడా వెళ్లగొట్టారు. ఈ అనుభవాన్ని ఆయన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అన్న పేరుగల స్వీయరచనలో నమోదు చేశారు. ఋణం తీర్చడానికి వచ్చినవానికి నిలువ నీడ నిరాకరించిన సమాజం తన పత్రాన్ని తానే చింపుకున్నట్లు. ఋణానికి రెండు వైపులా ఉండాలి. గౌరవాన్ని నిరాకరించిన ఇల్లు, ఊరు సన్నిధిని కోరే అర్హతను ఆ మేరకు కోల్పోతాయి. అంబేడ్కర్ అయినా చివరకు ఇక్కడే ఉండి పోరాడారు. అది ఆయన తన జనానికి స్వచ్ఛందంగా ఇచ్చినది, ఎవరూ వసూలు చేయగలిగినది కాదు.

రెండవ ఆక్షేపణ: తల్లిదండ్రులే పొలం అమ్మి, అప్పు చేసి పంపినప్పుడు ఋణం ఎక్కడిది? వారి సమ్మతి ఉందికదా? సమ్మతి ఉన్నది నిజం. అయితే అది ఏభై ఏళ్ల వయస్సులో, పాదలేపం కరగదన్న నమ్మకంతో ఇచ్చిన సమ్మతి. ఎనభై ఏళ్ల ఒంటరితనానికి అది ముందుగా రాసిచ్చిన రసీదు కాజాలదు. పైగా తల్లిదండ్రులు తమ తరఫున సమ్మతించగలరు గాని, తరువాత ఆ భారం మోయబోయే మరొక బిడ్డ తరఫున సమ్మతించలేరు.

మూడవ ఆక్షేపణ: దూరం విదేశానికే పరిమితమా? ఊరు విడిచి హైదరాబాదులో ఉన్నవారు మాత్రం ఎంత సన్నిధి ఇస్తున్నారు? ఈ ప్రశ్న న్యాయమైనది. పక్క వీధిలో ఉండి గడప తొక్కనివారూ ఉన్నారు. సన్నిధి మైళ్లతో కొలిచేది కాదు. అయినా సరిహద్దు ఒక ప్రత్యేకమైన అడ్డు. హైదరాబాదులో ఉన్న కొడుకు రాకపోతే అది అతని నిర్ణయం. వీసా గడువులో చిక్కుకున్నవాడు, పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకున్న గల్ఫ్ కార్మికుడు నిర్ణయించుకున్నా రాలేని స్థితి ఉంటుంది. విదేశవాసం సన్నిధిని కష్టతరం చేయడంతో ఆగక, దానిని ఇతర రాజ్యాల అనుమతికి లోబరుస్తుంది.

ఇక్కడే జీవనాధారం లేక వెళ్లినవారి విషయం వేరుగా చెప్పవలసి ఉంది. నీళ్లు లేని పొలం, తీరని అప్పు, పడిపోయిన మగ్గం కలిసి పంపిన మనిషిని ‘వెళ్లడం ధర్మమా’ అని అడగడం అన్యాయం. ఆ ప్రశ్నను పంపిన పరిస్థితులకూ, వాటిని మార్చవలసిన పాలనకూ వేయాలి. స్వేచ్ఛ ఉన్నంత మేరకే ఋణవిచారణకు చోటుంది. ఎంపిక ఎక్కువగా ఉన్నవారికి ప్రశ్న కూడా ఎక్కువగా వర్తిస్తుంది.

ముగింపు

ఈ పరిశీలన నుంచి ప్రవాసంపై సాధారణ విధి గాని, సాధారణ నిషేధం గాని రాదు. దేశానికి పడిన ఋణం తీర్చే మార్గాలు అనేకం. దాని పేరుతో ప్రవాసిని ద్రోహి అనడానికి ఆధారం లేదు. వ్యక్తులకు పడిన సన్నిధి ఋణం మాత్రం ధనంతోనూ కీర్తితోనూ మారదు. కనుక వెళ్లే ముందు చేయవలసిన విచారణ మూడు అంశాలతో కూడుకున్నది. తాను దించుతున్న బరువును ఎత్తుకోబోయేవారు ఎవరో గుర్తించి, వారిని ముందుగా అడగడం మొదటిది. వారు మోసినదానిని ఋణమని పేరుపెట్టి ఒప్పుకొని, నిర్ణయాలలోనూ ఆస్తిలోనూ గౌరవంలోనూ దానికి తగిన వాటా ఇవ్వడం రెండవది. తిరిగివచ్చే సాధనం కరిగేదేనన్న ఎరుకతో, ఏ స్థితిలో తప్పక తిరిగిరావాలో ముందే నిశ్చయించుకోవడం మూడవది.

ఈ విచారణ చేసిన తరువాత కొందరు వెళ్తారు, కొందరు ఆగుతారు, కొందరు తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్తారు. చివరి మార్గంలో పెద్దలు ఊరినీ భాషనూ ఇరుగుపొరుగునూ కోల్పోతారు గనుక, అక్కడ కూడా అడగడం అవసరమే. కొన్ని సందర్భాలలో ఏ మార్గం ఎంచుకున్నా కొంత బాకీ మిగిలే ఉంటుంది. దానిని మిగిలిందని ఒప్పుకోవడం ధర్మంలో భాగం. తెలుగు ప్రవాస సాహిత్యంపై పరిశోధన ఇంతవరకు ఎక్కువగా వెళ్లినవారి జ్ఞాపకాల మీద, వారి అస్తిత్వ వేదన మీద దృష్టి నిలిపింది. శేషగిరి వంటి వారి వైపు నుంచి ఆ చరిత్రను చదవడం ఇంకా మిగిలి ఉన్న పని.